బ్యాటరీని డిక్కీలోకి మారుస్తున్నారా? కేబుల్ సంగతి ముందు చూసుకోండి

పాత కారు కొని పొలానికి, మార్కెట్ యార్డుకు తిప్పుకునే రైతులు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. ఎరువుల బస్తాలు, మందు డబ్బాలు, పాల క్యాన్లు అన్నీ అందులోనే. ఇలాంటి బండ్లకు తరచూ వచ్చే తంటా బ్యాటరీ. ఎండాకాలం వస్తే బానెట్ కింద వేడికి నీళ్లు ఇగిరిపోతాయి. రెండేళ్లు రావాల్సిన బ్యాటరీ ఏడాదికే చేతులెత్తేస్తుంది. పెద్ద బ్యాటరీ వేద్దామంటే ముందు చోటు చాలదు. అప్పుడు షెడ్డులో ఎవరో ఒకరు చెబుతారు: ‘‘డిక్కీలో పడేద్దాం అన్నా, చల్లగా ఉంటుంది.’’

మాట బాగానే ఉంది. పని కూడా పెద్ద కష్టమైంది కాదు. అయితే సరిగా చేయకపోతే బండి తగలబడిపోయే పని ఇది. అందుకే ఈ వారం దీని గురించి వివరంగా తెలుసుకుందాం.

కళ్లారా చూసిన సంగతి

కొన్నేళ్ల కిందట ఒక రైతు తన పాత డీజిల్ కారుకు ఇలాగే బ్యాటరీని డిక్కీలోకి మార్పించాడు. ఏడెనిమిది నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు యూరియా బస్తాలు వేసుకుని వస్తుంటే వెనక సీటు కింద నుంచి పొగ మొదలైంది. వెంటనే బండి ఆపి తాళం తీశాడు. ఇంజను ఆగింది, పొగ మాత్రం ఆగలేదు. వెనక చూస్తే బ్యాటరీ మీద బస్తాలు, వాటి కింద పానాల సంచి. బస్తాలు దించి, పానా వెతికి, టెర్మినల్ ఊడదీసేసరికి వెనక సీటు మొత్తం కాలిపోయింది. రోడ్డు పక్కన ఇసుక కుప్ప ఉండబట్టి మిగతా బండి దక్కింది. వెనక సీట్లో కూర్చున్న పిల్లల్ని పొగ చూడగానే దించేశారు కాబట్టి సరిపోయింది.

తర్వాత చూస్తే తెలిసింది. సీటు వెనక రేకుకు రంధ్రం చేసి అందులోంచి కేబుల్ లాగారు. రంధ్రానికి రబ్బరు బుష్ వేయలేదు. గతుకుల రోడ్డు మీద కుదుపులకు రేకు అంచు కేబుల్ తొడుగును రోజూ కొంచెం కొంచెం కోసింది. ఒకనాడు లోపలి రాగి రేకుకు తగిలింది. మధ్యలో ఫ్యూజు లేదు. ఇక ఆపేదేముంది?

ఇందులో రైతులు గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. బ్యాటరీ నుంచి సెల్ఫు మోటారుకు వెళ్లే ప్లస్ కేబుల్‌ను బండి తాళం ఆపలేదు. తాళం తీసినా, బండి షెడ్డులో నిద్రపోతున్నా ఆ కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు సిద్ధంగానే ఉంటుంది. కంపెనీ వాళ్లు బ్యాటరీని ఇంజను పక్కనే పెడితే ఆ కేబుల్ సాధారణంగా రెండు మూడు అడుగులు మించదు. డిక్కీకి మారిస్తే అది పదిహేను అడుగుల పైన అవుతుంది. మనుషులు కూర్చునే సీట్ల కింద నుంచి పోతుంది. పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అనుకోవద్దు. షాకు కొట్టదు గాని, ఆ కేబుల్ బాడీకి తగిలితే మంచి బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటును ఒక్కసారిగా వదులుతుంది. వెల్డింగు మిషను కంటే ఎక్కువ అది.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

డిక్కీలో బ్యాటరీ కొత్త ఆలోచనేమీ కాదు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారుకు కంపెనీ వాళ్లే బ్యాటరీని డిక్కీలో పెట్టారు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు వెనక సీటు కింద ఉండేది. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5కూ డిక్కీలోనే. బీఎండబ్ల్యూ కార్లు చాలావాటికి అంతే. పందేల కార్లవాళ్లు ముందు బరువు తగ్గించి వెనక చక్రాల మీద బరువు పెంచడానికి మారుస్తారు. కాని వాళ్లు ఊరికే మార్చలేదు. గాలి బయటికి పోయే గొట్టం, గట్టి క్లాంపు, లావాటి కేబుల్ అన్నీ పెట్టారు. బీఎండబ్ల్యూ వాళ్లయితే బండి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సంకేతంతోనే ప్లస్ కేబుల్ బ్యాటరీ దగ్గర తెగిపోయేలా ఏర్పాటు చేశారు. అంత పెద్ద కంపెనీ అంత భయపడిందంటే మనం ఎంత జాగ్రత్తపడాలో ఆలోచించండి.

మన బండికి మార్చే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, బ్యాటరీ నిజంగా వేడి వల్లే పోతోందా? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు పెట్టి చూడండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే చార్జింగు సరిగా ఉన్నట్టు. పాత బండ్లలో 14.8 దాటి 15కు పోతుంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటరు పాడైందని అనుమానించాలి. నీళ్లు ఉడికిపోయేది ఆ ఓవర్ చార్జింగు వల్ల. అలాంటప్పుడు బ్యాటరీని డిక్కీకి మార్చినా అక్కడా ఉడుకుతుంది, పైగా మూసిన డిక్కీలో గ్యాసు నింపుతుంది. ముందు రెగ్యులేటరు మార్పించండి.

రెండు, వేడే కారణమైతే బ్యాటరీకీ ఇంజనుకూ మధ్య రేకు అడ్డుపెట్టి చూశారా? పదిహేను రోజులకోసారి డిస్టిల్ వాటర్ చూసుకుంటున్నారా? చాలా బండ్లకు ఇది చాలు.

మూడు, డిక్కీలో స్ప్రే పంపుకో లైటుకో కరెంటు కావాలా? దానికి బ్యాటరీనే మోసుకెళ్లనక్కర్లేదు. బ్యాటరీ పక్కనే తగిన ఫ్యూజు వేసి ఒక తీగ వెనక్కి లాగితే సరిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా మార్చాల్సిందే అనిపిస్తే కింది పద్ధతిలో చేయించండి. బండి వారంటీలో ఉంటే మాత్రం చేయి పెట్టవద్దు. బీమా ఉన్న బండికి ఇలాంటి మార్పు చేసే ముందు బీమా కంపెనీని అడిగి, వాళ్ల జవాబు కాగితం మీద తీసుకోవడం మేలు. డిక్కీలో సీఎన్‌జీ లేదా ఎల్పీజీ సిలిండరు ఉన్న బండికి ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. గ్యాసు ఉన్నచోట నిప్పురవ్వకు తావివ్వరాదు.

కేబుల్ ఎంత లావుండాలి?

బోరు మోటారుకు దూరం పెరిగేకొద్దీ లావు వైరు వేయాలని రైతులకు తెలిసిందే. సన్న వైరు వేస్తే చివర వోల్టేజీ పడిపోతుంది. ఇక్కడా అదే సూత్రం. పైగా అక్కడ వందల వోల్టుల్లో కొన్ని వోల్టులు పోతే పరవాలేదు, ఇక్కడ ఉన్నదే 12. సెల్ఫు తిరిగేటప్పుడు చిన్న పెట్రోలు కారు నూరు నుంచి రెండు వందల ఆంపియర్ల దాకా, డీజిల్ బండి అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది.

అయిదు మీటర్ల రాగి కేబుల్‌లో 200 ఆంపియర్లు పారితే ఎంత వోల్టేజీ దారిలోనే పోతుందో చూడండి:

16 చదరపు మి.మీ. కేబుల్‌లో: సుమారు 1.2 వోల్టులు
25 చ.మి.మీ.: సుమారు 0.8 వోల్టు
35 చ.మి.మీ.: సుమారు 0.55 వోల్టు
50 చ.మి.మీ.: సుమారు 0.4 వోల్టు
70 చ.మి.మీ.: సుమారు 0.27 వోల్టు

300 ఆంపియర్లయితే ఈ అంకెలన్నీ ఒకటిన్నర రెట్లు అవుతాయి. దారిలో అర వోల్టు కంటే ఎక్కువ పోకుండా చూసుకోవడం మంచి పద్ధతి. కనుక చిన్న పెట్రోలు కారుకు 35, డీజిల్ బండికి 50 లేదా 70 వేయాలి. పాత కేబుల్‌కు మరో ముక్క అతుకు పెట్టి పొడుగు చేయడం తప్పు. అతుకు దగ్గరే వేడెక్కుతుంది. ఒకే ముక్కగా కొత్త కేబుల్ లాగండి.

కొనేటప్పుడు ఒక మోసం చూసుకోవాలి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్ తక్కువ ధరకు అమ్ముతున్నారు. ఒక పోగు తీసి కత్తితో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు. అల్యూమినియం అదే లావున్న రాగిలో మూడింట రెండు వంతుల కరెంటు కూడా సరిగా మోయలేదు, కుదుపులకు పోగులు విరుగుతాయి.

చివరలకు లగ్గులు క్రింపింగు యంత్రంతో నొక్కించాలి. సుత్తితో కొట్టి పైన సీసం పోస్తే పనవుతుందనుకోవద్దు. వేడెక్కినప్పుడు సీసం కరుగుతుంది. లగ్గు మెడ మీద వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి.

ఫ్యూజు లేకుండా బండి కదపవద్దు

మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ప్లస్ కేబుల్‌కు బ్యాటరీ దగ్గరే, అడుగు దూరం లోపల, పెద్ద బోల్టు ఫ్యూజు వేయాలి. మెగా ఫ్యూజు అని అడిగితే ఇస్తారు. ముందు బానెట్ దగ్గర వేస్తే ప్రయోజనం లేదు. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న కేబుల్‌ను ఆ ఫ్యూజు కాపాడలేదు. కాలువ తెగితే తూము దగ్గర మూయాలి గాని చివరి మడి దగ్గర మూస్తే ఏం లాభం?

ఫ్యూజు సెల్ఫును కాపాడటానికి కాదు, కేబుల్‌ను కాపాడటానికి. కాబట్టి కేబుల్ తట్టుకునే కరెంటుకు మించిన ఫ్యూజు వేయకూడదు. చిన్న పెట్రోలు కారుకు 35 కేబుల్‌తో 200 ఆంపియర్ల ప్రాంతంలో, డీజిల్‌కు 70 కేబుల్‌తో 300 ఆంపియర్ల ప్రాంతంలో సాధారణంగా సరిపోతుంది. సెల్ఫు ఎంత లాగుతుందో డీసీ చూపే క్లాంపు మీటరుతో కొలిచి నిర్ణయించుకుంటే ఇంకా మంచిది. ఈ ఫ్యూజులు నెమ్మదిగా తెగే రకం కాబట్టి సెల్ఫు కొట్టే రెండు మూడు సెకన్ల ఎక్కువ కరెంటుకు తెగవు. ‘‘ఫ్యూజు వేస్తే దారిలో తెగి ఇబ్బంది పెడుతుంది, వద్దు’’ అని చెప్పే మేస్త్రీ దగ్గర పని చేయించకండి.

కేబుల్ పోయే దారి

కేబుల్‌ను బండి లోపల నుంచే, కార్పెట్ కింద, పక్క అంచు వెంట తీసుకెళ్లడం మేలు. కింద నుంచి తీసుకెళితే రాళ్లు తగులుతాయి, బురద పడుతుంది, సైలెన్సర్ వేడి తగులుతుంది. డీజిల్, పెట్రోలు పైపుల పక్కన ఎప్పుడూ కట్టకూడదు. హ్యాండుబ్రేకు తీగ, సీటు పట్టాలు కదిలేచోట దగ్గరగా రాకూడదు.

రేకుకు రంధ్రం చేసిన ప్రతిచోటా అంచును ఆకురాయితో నున్నగా చేసి, రంగు పూసి, రబ్బరు బుష్ వేయాలి. కేబుల్ మొత్తానికి పైన ఇంకో ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. అడుగుకు ఒక క్లిప్పు చొప్పున బిగించాలి. చేత్తో లాగితే కేబుల్ ఎక్కడా ఊగకూడదు.

ఎర్త్ సంగతి మరవకండి

ప్లస్‌కు లావు కేబుల్ వేసి మైనస్‌కు పాత సన్న తీగ వదిలేసేవాళ్లు ఎక్కువ. ఎంత కరెంటు పోతుందో అంతా మళ్లీ ఎర్త్ మీదుగానే వెనక్కి రావాలి. మైనస్ కేబుల్ కూడా అంతే లావుండాలి. డిక్కీలో పలచటి రేకుకు కాకుండా గట్టి చాసిస్ భాగానికి, రంగు గీకి తెల్లటి ఇనుము కనిపించాక బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయాలి.

ముందు ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ మరీ ముఖ్యం. బ్యాటరీ ముందున్నప్పుడు మైనస్ చాలా బండ్లలో నేరుగా ఇంజనుకే పోతుంది. వెనక్కి మార్చాక మొత్తం కరెంటు ఈ పట్టీ మీదుగానే నడవాలి. అది సన్నగా ఉన్నా, తుప్పు పట్టినా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. పాత బండ్లలో యాక్సిలరేటర్ తీగ, క్లచ్ తీగ మీదుగా పోయి అవి కాలిపోయిన సందర్భాలున్నాయి. కొత్త లావు పట్టీ తప్పక వేయించండి.

పెట్టె, గాలి, యాసిడ్

చార్జింగు అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాసు వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. బానెట్ కింద గాలి ఆడుతుంది కాబట్టి అక్కడ పోగుపడదు. మూసిన డిక్కీలో పోగుపడుతుంది. అందుకే బ్యాటరీని మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పెట్టె పైభాగం నుంచి ఒక గొట్టం బండి బయటికి వదలాలి. హైడ్రోజన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి చేరుతుంది. గొట్టం చివర సైలెన్సరుకు దూరంగా ఉండాలి. ‘‘మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీకి గ్యాసు రాదు’’ అన్నమాట పూర్తిగా నిజం కాదు. ఓవర్ చార్జింగు అయితే దానికీ వస్తుంది. అయినా డిక్కీకి యాసిడ్ కారని సీలు చేసిన రకమే ఎంచుకోండి. వెనక తలుపు ఎత్తితే సీట్లు కనిపించే చిన్న కార్లలో డిక్కీ గాలి, మనం పీల్చే గాలి ఒకటే. అక్కడ మూత పెట్టె, గొట్టం లేకుండా పెట్టనే కూడదు.

మామూలు కారు బ్యాటరీ పది నుంచి పద్దెనిమిది కిలోల బరువుంటుంది. బండి ఎక్కడైనా గుద్దుకుంటే అది ముందుకు విసురుగా వచ్చి వెనక సీటువాళ్ల నడుములు విరగ్గొడుతుంది. తాడుతో, బెల్టుతో కట్టడం చాలదు. ఇనుప ఫ్రేము చేయించి, డిక్కీ అడుగు రేకుకు కింద కూడా మందపు పట్టీ పెట్టి బోల్టులతో బిగించాలి. కింద పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూడకుండా డ్రిల్లు వేయవద్దు. ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు మూత తప్పనిసరి. డిక్కీలో పార, గునపం, జాకీ ఉంటాయి కదా, ఏదో ఒకటి దానిమీద పడుతుంది.

యాసిడ్ కంట్లో పడితే కనీసం పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బండిలో ఒలికితే వంట సోడా చల్లి నీళ్లతో కడగాలి. యూరియా, విత్తనాల బస్తాలను బ్యాటరీ పెట్టెకు ఆనించి వేయకండి. పెట్టె మీద అసలే వేయకండి.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇది ఎప్పుడూ తప్పకూడదు. ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలితే మైనస్ లేకుంటే ఏమీ కాదు, ఉంటే రవ్వలు లేస్తాయి. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చార్జింగు చూసే పాత అలవాటు మానుకోండి. ఆల్టర్నేటరు, కంప్యూటర్ పెట్టె దెబ్బతింటాయి.

పని అయ్యాక మీరే పరీక్ష చేసుకోండి

షెడ్డు నుంచి బండి తెచ్చుకునే ముందే మామూలు డిజిటల్ మీటరుతో ఈ నాలుగు చూడండి. బండి స్టార్టు కాకుండా ఆపి, ఒక మనిషి సెల్ఫు కొడుతుండగా మొదటి మూడూ కొలవాలి.

1. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 9.6 వోల్టుల కంటే తగ్గకూడదు. తగ్గితే బ్యాటరీ బలం చాలదు.
2. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫు మీది పెద్ద బోల్టుకు అర వోల్టు మించకూడదు. మించితే కేబుల్ సన్నదో, లగ్గు వదులో.
3. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను బాడీకి 0.3 వోల్టు మించకూడదు. మించితే ఎర్త్ సరిగా లేదు.
4. ఇంజను నడుస్తూ లైట్లు వేసి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8కి అటూ ఇటూగా ఉండాలి.

రెండు మూడుసార్లు సెల్ఫు కొట్టాక కేబుల్ పొడుగునా, లగ్గుల దగ్గర చేయి పెట్టి చూడండి. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ లోపం ఉన్నట్టే. నెల తర్వాత ఒకసారి, ఆపైన ప్రతి పంటకాలం మొదట్లో ఒకసారి రబ్బరు బుష్‌లు, క్లిప్పులు, బోల్టులు చూసుకోవాలి.

ట్రాక్టరు రైతులకు ఒక మాట

లోడరు బిగించినప్పుడో, ముందు బరువు దిమ్మెలు వేసినప్పుడో ట్రాక్టరు బ్యాటరీని కూడా చోటు మారుస్తుంటారు. మూసిన డిక్కీ లేదు కాబట్టి గ్యాసు బాధ తక్కువ. మిగతా నియమాలన్నీ అవే. పైగా ట్రాక్టరుకు అదురు ఎక్కువ కనుక బ్యాటరీ కింద రబ్బరు పట్టీ వేసి, క్లాంపు ఇంకా గట్టిగా బిగించాలి. పీటీఓ షాఫ్టుకూ, హైడ్రాలిక్ గొట్టాలకూ కేబుల్ దూరంగా ఉండాలి.

చివరగా ఒక చిన్న పని. బ్యాటరీ డిక్కీలో ఉన్నా, బానెట్ కింద ఉన్నా, టెర్మినల్‌కు సరిపోయే పానా ఒకటి డ్రైవరు సీటు పక్కన అందేచోట పెట్టుకోండి. బ్యాటరీ పెట్టె మీద ఎప్పుడూ సామాను లేకుండా చూసుకోండి. ఆ రైతుకు పానా అందుబాటులో ఉంటే అర నిమిషంలో టెర్మినల్ ఊడేది. పదిహేను అడుగుల కేబుల్‌కు, ఒక ఫ్యూజుకు, నాలుగు రబ్బరు బుష్‌లకు అయ్యే ఖర్చు చూసి వెనకాడకండి. ఆ సీట్లో కూర్చునేది మన పిల్లలే.